గాలి తీసే మిషనూ, మా ఇంటి లెక్కలూ

2023 జనవరిలో ఓ బుధవారం పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ తీసుకోలేదు. రెండుసార్లు తప్పు కొట్టాననుకున్నా. మూడోసారికి విషయం అర్థమైంది. ఆ నెల్లో నాలాంటివాళ్ళు వేలమంది ఉన్నారు కాబట్టి ఆ కథంతా మళ్ళీ చెప్పను. హెచ్‌ వన్‌ బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి 60 రోజుల గడువు. ఆ 60 రోజులూ నాకు రెండే పనులు. పగలు ఇంటర్వ్యూలు, రాత్రి ఎక్సెల్ షీట్లో ఇంటి ఖర్చులు.

డాలస్‌లో ఇంటద్దె తగ్గించుకోలేం, కారు వాయిదా తగ్గించుకోలేం. తగ్గించుకోగలిగింది తిండి ఖర్చొక్కటే. కానీ "తక్కువ తిందాం" అని పిల్ల ముందు అనలేం కదా. మా ఆవిడ ఓ పని చేసింది. చెత్తబుట్ట పక్కన ఓ నోటుబుక్కు పెట్టి, పారేసేదల్లా రాయడం మొదలెట్టింది. కుళ్ళిన కొత్తిమీర కట్ట, సగం కొబ్బరికాయ, నల్లబడ్డ కరివేపాకు, కాస్ట్‌కోలో చవకని తెచ్చిన చికెన్లో మిగిలి మంచు పట్టిపోయిన ముక్కలు. వారం తిరిగేసరికి 19 డాలర్లు తేలింది. అంటే ఏడాదికి వెయ్యికి కాస్త తక్కువ. ఎప్పుడూ దుబారా మనుషులం కామనే నా నమ్మకం. ఆ నోటుబుక్కు చూసాక ఆ నమ్మకం పోయింది.

సరే, అలా మొదలైంది ఈ గాలి తీసే మిషను గొడవ. కొత్తది కొనే ధైర్యం లేదు. ఓ పాత సామాన్ల దుకాణంలో 11 డాలర్లకి దొరికింది. ఇంటికొచ్చి పెడితే మోటారు తిరుగుతోంది గానీ సంచీలో గాలి పోవట్లేదు. పాతది కొనేవాళ్ళు ఇక్కడే తెలుసుకోవాల్సిందొకటుంది. ఈ మిషన్లలో తరచుగా పాడయ్యేది మోటారు కాదు, మూత చుట్టూ ఉండే మెత్తటి రబ్బరు పట్టీ. అది నలిగిపోతే ఎక్కడో సన్నగా గాలి లోపలికొస్తుంది. తొమ్మిది డాలర్లు పెట్టి కొత్త పట్టీ తెప్పించి వేసా, బ్రహ్మాండంగా పనిచేసింది. (వాడనప్పుడు మూత గట్టిగా నొక్కి లాక్ చేసి పెట్టకండి. మా మిషను పాత యజమాని చేసిన తప్పు అదే అని నా అనుమానం.)

20 డాలర్లతో పని అయిపోయిందని మురిసిపోయా. అసలు ఖర్చు మిషన్లో లేదు, సంచుల్లో ఉంది. ఇంక్‌జెట్ ప్రింటరు కొన్నవాళ్ళకి ఈ మోసం కొత్త కాదు. మొదట తెచ్చిన సైజుకి కత్తిరించిన రెడీమేడ్ సంచులు ఒక్కోటి 60 సెంట్లు పడ్డాయి. అరవై సెంట్ల సంచీలో డాలరు కొత్తిమీర పెట్టడమంటే ముక్కు కంటే ముక్కుపుడక బరువన్నట్టు. తర్వాత 11 అంగుళాల వెడల్పు, 50 అడుగుల పొడవుండే పేరులేని కంపెనీ చుట్టలు రెండు 24 డాలర్లకి తెప్పించా. మొత్తం 1200 అంగుళాలు. పది అంగుళాలకో సంచీ అనుకుంటే 120 సంచులు, ఒక్కోటి 20 సెంట్లు. చుట్ట కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే, ఒకవైపు ప్లాస్టిక్కు మీద గళ్ళు గళ్ళుగా గరుకు ఉండాలి. మామూలు ఇళ్ళలో వాడే మిషను సంచీ మూతి దగ్గర్నించి గాలి పీలుస్తుంది, ఆ గాలి బయటికి రావడానికి ఆ గరుకు మధ్య సందులే దారి. నున్నటి సంచీ చవగ్గా వస్తోందని కొంటే రెండు పొరలూ అతుక్కుపోయి గాలి లోపలే ఉండిపోతుంది. హోటళ్ళలో వాడే పెట్టె లాంటి పెద్ద మిషన్ల సంగతి వేరు, వాటికి నున్నవే చాలు. కానీ వాటి ధర మన జోలికి రాదు.

ఇంకో చిట్కా. సంచీ కత్తిరించేటప్పుడు మూడు నాలుగు అంగుళాలు పొడుగ్గానే కత్తిరించండి. పిసినారితనం అక్కడ చూపిస్తే రెండందాలా నష్టం. పొట్టి సంచీలో మూతి సరిగ్గా కూర్చోక సగం సార్లు సీలు విఫలమవుతుంది. పొడుగ్గా ఉంటే వాడాక సీలు పక్కనే సన్నగా కత్తిరించి, సబ్బుతో కడిగి, బోర్లించి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. ఒక్కో సంచీ మూడు నాలుగు సార్లు వస్తుంది. పచ్చి చికెను, మటను, చేప పెట్టిన సంచులు మాత్రం చెత్తబుట్టలోకే. 20 సెంట్ల కోసం కడుపు పాడుచేసుకోకూడదు.

మొదటి నెల చేసిన వెధవపనులు చెప్పుకోకపోతే అన్యాయం. సాంబారు వేడి చల్లారాక నేరుగా సంచీలో పోసి బటను నొక్కా. గాలితో పాటు సాంబారూ లోపలికెళ్ళింది. మిషను విప్పి రాత్రి పదకొండింటికి టూత్‌బ్రష్షుతో మునక్కాయ పీచు తీసాను, మర్నాడు పొద్దున ఇంటర్వ్యూ పెట్టుకుని! ద్రవపదార్థం ఏదైనా ముందు డబ్బాలో పోసి ఓ రాత్రి ఫ్రీజర్లో గడ్డ కట్టించి, ఆ గడ్డని సంచీలో పెట్టి గాలి తియ్యాలి. పప్పుకీ అంతే. కందిపొడి కూడా అలాగే మిషన్లోకి ఎగిరింది. పొడి మీద చిన్న కాగితం రుమాలు మడిచి పెడితే ఎగరదు. మటను ఎముకలు, ఎండుమిరపకాయ తొడిమలు సంచీని గుచ్చేస్తాయి, వాటి చుట్టూ కూడా కాగితమే శరణ్యం. అన్నిటికంటే ఘనమైంది దోసెల పిండి. రుబ్బిన పిండి సీలు చేసి ఫ్రిజ్‌లో పెడితే మూడోరోజుకి సంచీ బూరెలా ఉబ్బింది. పులిసేదానికి గాలి తీస్తే అది సొంతంగా గ్యాసు తయారుచేసుకుంటుందని బీటెక్ చదివిన బుర్రకి తట్టలేదు. మా ఆవిడకి తట్టిందిట, "మీరు చేస్తుంటే చూద్దామని ఊరుకున్నా" అంది.

ఇవన్నీ నవ్వుకునే తప్పులు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వెల్లుల్లి చవగ్గా దొరికిందని ఓ రెండు పౌండ్లు ఒలిచి, నూనెలో ముంచి, చిన్న చిన్న సంచుల్లో గాలి తీసి, ఫ్రీజర్లో చోటు లేక వంటింటి అలమార్లో పేర్చా. గాలి లేదు కాబట్టి పాడవదు అని నా తర్కం. మా ఆవిడ ఎందుకో అనుమానమొచ్చి చదివి చెప్పింది. బొటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి సరిగ్గా గాలి లేని చోటే పెరుగుతుంది. మట్టిలో ఉంటుంది, కాబట్టి వెల్లుల్లి లాంటి దుంపల మీదికి రావడం పెద్ద విషయం కాదు. పులుపు లేకుండా, తడి ఉండి, గాలి లేకుండా, గది వేడిలో ఉంటే దానికి అంతకన్నా సుఖం లేదు. అది వదిలే విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు, నరాలు చచ్చుబడతాయి. అంటే, డబ్బు మిగులుద్దామని ఆ పరిస్థితులన్నీ నా చేత్తో నేనే వరసగా అమర్చిపెట్టానన్నమాట. ఆ 60 రోజుల్లో ఇన్సూరెన్సు ఉంటుందో ఊడుతుందో తెలియని ఇంట్లో, ఆరేళ్ళ పిల్లని పెట్టుకుని. ఆ సంచులన్నీ విప్పకుండానే ఇంకో కవర్లో చుట్టి పారేసాం. నోటుబుక్కులో ఆ రోజు లెక్క మా ఆవిడ రాయలేదు.

అప్పట్నించీ మా ఇంట్లో నియమం ఒకటే. ఈ మిషను ఫ్రిజ్‌కి బదులు కాదు. గాలి తీసినా తీయకపోయినా, ఫ్రిజ్‌లో ఉండాల్సింది ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్లో ఉండాల్సింది ఫ్రీజర్లోనే. పచ్చి వెల్లుల్లి, పుట్టగొడుగులు గాలి తీసి నిలవ పెట్టం. అల్లంవెల్లుల్లి ముద్ద ఐసుముక్కల ట్రేలో గడ్డ కట్టించి, ఆ ముక్కలు సీలు చేసి ఫ్రీజర్లోనే ఉంచుతాం. గడ్డకట్టిన చేపని ఫ్రిజ్‌లో కరగబెట్టేటప్పుడు ముందే సంచీ కోసేస్తాం. క్యాబేజీ, కాలీఫ్లవరు పచ్చివి పెడితే గ్యాసు వదుల్తాయి, ఓ రెండు నిమిషాలు ఉడుకునీళ్ళలో వేసి తీసి, ఆరబెట్టి పెట్టాలి.

ఏది గిట్టుబాటు అంటే, నా లెక్కలో మొదటి స్థానం కొబ్బరి కోరుకి. తర్వాత కడిగి బాగా ఆరబెట్టిన కరివేపాకు. ఆ తర్వాత పెద్ద ప్యాకెట్లో కొన్న చికెన్ని పూటకి సరిపడా విడగొట్టి పెట్టడం. గిట్టుబాటు కానిది చిరుతిళ్ళు. జంతికలు గాలి తీస్తే పొడుం మిగులుతుంది. పొడులకీ జీడిపప్పుకీ అసలు సంచీలే దండగ. వెడల్పు మూతి గాజుసీసాలకి గాలి తీసే తొడుగు ఒకటి విడిగా అమ్ముతారు. మా పాత మిషనుకి గొట్టం తగిలించే చోటు లేదు. కార్ల బ్రేకుల్లోంచి గాలి తియ్యడానికి మెకానిక్కులు వాడే చేతిపంపు కొని ఆ తొడుక్కి తగిలించా. కరెంటు అక్కర్లేదు, సంచీ ఖర్చు లేదు, సీసా ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. పొడుల ఘాటు నెలల తరబడి అలాగే ఉంటోంది. ఈ మొత్తం వ్యవహారంలో నేను గర్వపడే ఇంజనీరింగు అదొక్కటే.

49వ రోజున ఉద్యోగం దొరికింది. నోటుబుక్కు మాత్రం ఆపలేదు.

ఆ జులైలో బియ్యం గొడవ వచ్చింది గుర్తుందా? 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. మర్నాటికి ఇక్కడి ఇండియన్ దుకాణాల ముందు మనవాళ్ళ క్యూలు, మనిషికొక సంచీ అని బోర్డులు. వెటకారం చేస్తూనే నేనూ వెళ్ళా. మూడు దుకాణాలు తిరిగి, స్నేహితుడి పేరు మీద కూడా తీసుకుని, అయిదు సంచుల సోనామసూరి తెచ్చా. వంద పౌండ్లు. ముందువారం ధరకి రెట్టింపు పెట్టి. ఆరు నెల్ల క్రితం కొత్తిమీర కట్టకి లెక్క రాసినవాణ్ణి!

అయిదేసి పౌండ్ల చొప్పున ఇరవై ఇటుకలు చేసి పేర్చా. చూడ్డానికి గోడ కట్టినట్టు ఎంత ముచ్చటగా ఉందో. డిసెంబర్లో చూస్తే నాలుగు ఇటుకలు మెత్తబడ్డాయి. బియ్యపుగింజ కొనలు సూదుల్లా సంచీకి సన్న బెజ్జాలు పెట్టాయి. ఒకదాంట్లో పురుగు. ముక్కుపురుగు గింజకి బెజ్జం పెట్టి లోపలే గుడ్డు పెట్టి మూసేస్తుంది, అంటే పురుగు మనం కొన్నప్పుడే బియ్యంతో పాటు వచ్చిందన్నమాట. చెయ్యాల్సింది ముందు నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టడం, తర్వాత సంచీ విప్పకుండా గది వేడికి తెచ్చి, గట్టి మూతున్న డబ్బాలో పొయ్యడం. దీనికి మిషనూ అక్కర్లేదు, సంచులూ అక్కర్లేదు. మా నాయనమ్మ వేపాకు వేసేది, అదీ లేదనుకోండి. ఆ ఎగుమతి నిషేధం 2024 సెప్టెంబరులో ఎత్తేసారు. మా గోడ అప్పటికింకా రెండు ఇటుకలు మిగిలుంది.

2024 వేసవికి అమ్మ వచ్చింది తెనాలి నించి. ఆవకాయ సూట్‌కేసులో కారకుండా ఊళ్ళో దుకాణం వాడి చేత గాలి తీయించి తెచ్చింది. మిషను చూపించి నేనూ చేస్తానన్నా. నూనె మూతికి అంటుకుంటే సీలు పట్టదు కాబట్టి ముందు చిన్న కవర్లో పెట్టి, గడ్డ కట్టించి, అప్పుడు అని ఏదో వివరించబోతే, "ఒరేయ్, ఆవకాయకి గాలి తీసేదేమిట్రా, పైన నూనె తేలుతుంటే చాలు. ఉప్పు తగ్గితే నీ మిషనేం చేస్తుంది" అంది. నిజమే, ఏమీ చెయ్యదు.

గోంగూర దగ్గర మాత్రం అమ్మకీ మిషను నచ్చింది. డాలస్ ఎండకి పెరట్లో గోంగూర అడివిలా పెరుగుతుంది, మంచు పడగానే చచ్చిపోతుంది. సెప్టెంబర్లో తిరిగి వెళ్ళేముందు మూడు రోజులు కూర్చుని ఆకంతా కోసి, మగ్గబెట్టి, పన్నెండు ప్యాకెట్లు చేయించింది నాచేత. మార్కరు తీసుకుని ఒక్కోదాని మీద తనే రాసింది. తేదీ రాయమ్మా అంటే తేదీతో పాటు ఇంకేదో కూడా రాసేది. "పప్పులోకి." "మటన్లోకి, పులుపు ఎక్కువ." ఆఖర్న నాలుగింటి మీద "చిన్నదానికి, కారం తక్కువ."

ముందు పెట్టింది ముందు తియ్యాలి అన్నది నా నియమం. ఫ్రీజరు తలుపు మీద జాబితా అంటించి, తీసినప్పుడల్లా కొట్టేస్తుంటాం. అది లేకపోతే ఫ్రీజరు ఆలస్యంగా నిండే చెత్తబుట్ట, అంతే. కానీ ఆఖరి ప్యాకెట్టు దగ్గర జాబితా ఆగిపోయింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మళ్ళీ అంత దూరం విమానం ఎక్కలేనని చెప్పేసింది. ఏడాది దాటింది, రుచి తగ్గుతుంది తీసెయ్యమని నేను, ఉండనివ్వండని మా ఆవిడ. ఏ పూటకాపూట ఆ ప్యాకెట్టు పక్కకి జరిపి వెనకున్న చికెన్ తీసుకోడం అలవాటైపోయింది.

పోయిన శనివారం మా అమ్మాయే తీసింది, దాని పేరు మీద ఉంది కదా. పప్పులో వేసాం. అమ్మకి వీడియోలో చూపిస్తే, "ఇంకా ఉంచార్రా? పారెయ్యకపోయారా" అంది, అంటూనే పులుపెలా ఉందని మూడుసార్లు అడిగింది. పులుపు తగ్గలేదు. సంచీ కడిగి ఆరబెట్టా. అక్షరాలు పోలేదు, ఇంకోసారి సీలు వెయ్యడానికి రెండంగుళాలు మిగిలుంది.