సీమవంకాయ ఊళ్ళో మద్రాసు గళ్ళు

తప్పు నాదే. ఆఫీసుకు వెళ్తూ మేనల్లుడు చెప్పే వెళ్ళాడు: "మామయ్యా, ఆ గళ్ళ చొక్కా జోలికి మాత్రం వెళ్ళకు." సింగపూరు వచ్చి నాలుగు రోజులైంది. ఊరికే కూర్చుని తినడానికి మొహమాటమేసి బుట్టలో బట్టలన్నీ మిషన్లో పడేశాను. కుర్చీకి వేలాడుతున్న గళ్ళ చొక్కానూ వాటితో పాటే తోసేశాను. గంట పోయాక మూత తీస్తే వాడి తెల్ల ఆక్స్‌ఫర్డ్ చొక్కాలు రెండూ దానిమ్మ గింజల రంగులో ఉన్నాయి.

సాయంత్రం వాడు రాగానే అన్నీ చూపించి, తిట్లకు సిద్ధమై నిలబడ్డాను. వాడు గళ్ళ చొక్కాను లైటు కిందికి పట్టుకెళ్ళి, అటూ ఇటూ తిప్పి, "దిగింది మామయ్యా! నిజంగానే దిగింది!" అంటూ ఫోను తీసి ఫొటోలు మొదలుపెట్టాడు. వీడి నుదురు పట్టి చూద్దామా అనిపించింది.

మా అమ్మమ్మ ఊరు వేటపాలెం. రంగు దిగిందంటే అద్దకంలో ఎవడో కక్కుర్తి పడ్డాడని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. సంతలో ఆడవాళ్ళు బట్ట అంచు తడిపి, బొటనవేలితో రుద్ది, వేలు చూసుకున్నాకే బేరం మొదలుపెట్టేవాళ్ళు. వీడేమో రంగు దిగిందని పండగ చేసుకుంటున్నాడు. కాలరు లోపలి చీటీ చూపించాడు. ఉతికితే రంగు దిగడం ఖాయమని గ్యారంటీ ఇస్తూ ఇంగ్లీషులో రాసి ఉంది. అమెరికాలో 1960లలో కుట్టిన చొక్కా అట. ఎవరూ తొడగకుండా దశాబ్దాలు పెట్టెలో ఉండిపోతే జపానులో పాతబట్టల వ్యాపారి దగ్గర కొన్నాడు. ఎంతకని అడిగితే, "టీ పెట్టనా మామయ్యా" అన్నాడు.

ఈ గ్యారంటీ వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. 1958లో విలియం జేకబ్‌సన్ అనే అమెరికా దిగుమతిదారు మన దేశం వచ్చి, కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ దగ్గర మద్రాసు గళ్ళ బట్ట వేల గజాలు కొన్నాడు. తర్వాత లీలా హోటళ్ళు కట్టింది ఈ నాయరే. చన్నీళ్ళలో విడిగా ఉతకాలని నాయర్ చెప్పాడు గానీ ఆ మాట న్యూయార్క్ దాకా చేరలేదు. బట్ట బ్రూక్స్ బ్రదర్స్ కొట్టుకు వెళ్ళి కోట్లూ చొక్కాలూ అయింది. కొన్నవాళ్ళు మిషన్లో వేశారు, నాలాగే. గోల మొదలైంది, దావా దాకా వచ్చింది. అప్పుడు నాయర్ 'సెవెంటీన్' పత్రిక వాళ్ళను పట్టుకుని, ఉతికిన ప్రతిసారీ కొత్త రంగు తేలే అద్భుతమైన చేనేత బట్ట అని పెద్ద వ్యాసం వేయించాడట. దాంతో లోపమే ముద్ర అయి కూర్చుంది. రంగు దిగకపోతే అసలు మద్రాసు కాదని కాలేజీ కుర్రాళ్ళు వాపసు ఇచ్చే రోజులొచ్చాయి. కథలో ఉప్పూ కారం ఎంత కలిశాయో గానీ చీటీ మాత్రం నా కళ్ళముందే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న తరం నూలు చొక్కా నలుగుతుందని నామోషీ పడి టెర్లిన్ కోసం ఎగబడింది.

చొక్కాకు నేను చేసిన హాని రంగొక్కటే కాదు. కాలరు బిగుసుకుపోయింది. అది బాగుచేయించడానికి శనివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

వాడుండేది ఆంగ్ మో కియోలో. 1973లో ప్రభుత్వ గృహ మండలి కట్టడం మొదలుపెట్టిన ఊరు ఇది. సింగపూరులో మెట్రో రైలు తొలిసారి నడిచింది కూడా ఈ ఊరి మీదుగానే, 1987 నవంబరు 7న. వీధులకు పేర్లు పెట్టే ఓపిక లేకపోయినట్టుంది, అవెన్యూ మూడు, అవెన్యూ ఆరు అని అంకెలేసి వదిలేశారు. ఊరి పేరు మాత్రం సొగసైంది. హోకియన్ చైనీయులు తెల్లవాణ్ణి 'ఆంగ్ మో' అంటారు, అంటే ఎర్రజుట్టువాడు. కియో అంటే వంతెన. దొర కట్టించిన వంతెన అని ఒక వాదం. వాళ్ళ భాషలో వంకాయకూ అదే పలుకుబడి. ఎర్రజుట్టువాడి వంకాయంటే టమాటా, ఊరి పేరు అదేనని ఇంకో వాదం. మనం పరదేశం నుంచి వచ్చినదానికి ముందు సీమ తగిలించి సీమచింత, సీమపంది అన్నట్టే వాళ్ళూ ఆంగ్ మో తగిలిస్తారన్నమాట. నా మటుకు నేను ఇది సీమవంకాయ ఊరని తేల్చేసుకున్నాను. మన సీమవంకాయ వేరే కాయ, అది వేరే సంగతి.

దుకాణం అనుకుంటే దుకాణం. బ్లాకు కింద వరసలో, తాళాలు బాగుచేసే అతనికీ పక్షుల గింజలు అమ్మే కొట్టుకీ మధ్య ఆరడుగుల వెడల్పు. ఒక జూకీ మిషన్, ఒక ఓవర్‌లాక్, గోడకు మేకుల మీద దారపు ఉండలు, తలుపు వెనక స్కూలు యూనిఫాం పావడాలు. కుట్టేది డెబ్బై దాటిన చైనీయురాలు. ఇక్కడ పెద్దవాళ్ళను పేరు పెట్టి ఎవరూ పిలవరు. మనకు పిన్నిగారూ బాబాయిగారూ ఎలాగో వాళ్ళకు ఆంటీ, అంకుల్ అలాగ.

మేనల్లుడు చొక్కా ఇచ్చి పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. అమెరికా ఈశాన్యాన యేల్, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఎనిమిది పాత విశ్వవిద్యాలయాలు, వాటిని కలిపి ఐవీ లీగ్ అంటారని, అక్కడి కుర్రాళ్ళు 1950లలో, 60లలో తొడిగిన తీరే వాడికి ప్రాణమని. ఆంటీ ఒక్క ముక్కా విన్నట్టు లేదు. ముందు వైపు చూడనే లేదు. కాలరు తిరగేసి, గోరుతో గీరి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. "జిగురు లేదు," అంది.

ఇప్పటి చొక్కాల్లో కాలరు లోపలి బక్రాన్ని వేడి పెట్టి బట్టకు అతికించేస్తారు. దాంతో అట్టలా నిలబడుతుంది. ఇందులో బక్రం విడిగా ఉంది, అంచుల్లో మాత్రమే కుట్టు. అందుకే కాలరు మెత్తగా ముందుకు ఒంగుతుంది. ఆ వంపు గుండీల వల్ల వస్తుందని ఆవిడ వేళ్ళతో చూపించింది. కాలరు ఆకు ఎంత పొడుగుందో, చొక్కా మీద గుండీని అంతకంటే కాస్త దగ్గరగా కుట్టాలి. మిగిలిన బట్ట ఎటూ పోలేక ఉబ్బి, నిద్రలో తిరిగిన పిల్లి వీపులా లేస్తుంది. నా ఉతుకుడికి ఆకు కుంచించుకుపోయి సాపుగా పడుకుంది. గుండీలు పైకి జరిపితే చాలట. ఎంత? సొరుగు లాగి రేకు ముక్క ఒకటి తీసింది. అంచులు అరిగి నున్నబడ్డాయి. కాలరు మొన ఆకారంలో ఉంది.

"ఫ్యాక్టరీది," అంది. "మూసేసిన రోజు తెచ్చుకున్నా."

అప్పుడు చెప్పింది. ఇక్కడికి నడిచివెళ్ళే దూరంలో, అంతస్తుల ఫ్యాక్టరీలో ఆవిడ తొమ్మిదేళ్ళు కుట్టుపని చేసింది. ఇళ్ళ పక్కనే పని ఉంటే ఆడవాళ్ళు వస్తారని కొత్త ఊళ్ళలో అలాంటి ఫ్యాక్టరీలు కట్టారు. 1974 నుంచి ఏ దేశం ఎన్ని బట్టలు పంపాలో అమెరికా, ఐరోపా కోటాలు పెట్టాయి. హాంకాంగ్ కోటా నిండితే ఆర్డరు సింగపూరుకు, ఇక్కడ జీతాలు పెరిగితే అవతలి దేశానికి. ఆవిడ బల్ల మీదికి అమెరికా కంపెనీల గుండీల కాలర్లు వచ్చేవి. తొమ్మిదేళ్ళూ కాలర్లే. చొక్కా మొత్తంగా ఎలా ఉంటుందో ప్యాకింగ్ గదిలోకి తొంగి చూస్తేనే తెలిసేదట.

"మీ ఇంట్లో ఎవరైనా తొడిగారా?" అన్నాడు వీడు, ఆశగా.

"పాసు కానివి మా ఆయనకు తెచ్చేదాన్ని. బస్సు డ్రైవరు. గుండీలు పెట్టుకునేవాడు కాదు. గాలికి కాలరు కుక్క చెవుల్లా ఎగిరేది."

వీడి కళ్ళు మెరిశాయి. ఫియట్ కంపెనీ అధిపతి జాన్ని ఆన్యెల్లి కావాలనే గుండీలు వదిలేసేవాడని, అది పెద్ద స్టయిలని చెప్పాడు. ఆంటీ నా వైపు తిరిగి, "కుర్రాడికి పెళ్ళయిందా?" అంది.

తెల్ల చొక్కాల గులాబీ రంగు గురించి అడిగితే, బ్లీచు పోస్తే నూలు చస్తుంది, అలాగే తొడుక్కోమంది. సాయంత్రం రమ్మంది.

724వ బ్లాకు తిండి కొట్ల మధ్య కూర్చుని కోపీ అనే ఇక్కడి కాఫీ తాగుతూ వాడిని నిలదీశాను. "ఒరే, నువ్వు చదివింది విజయవాడలో. ఆ ఐవీ కాలేజీల గేటు కూడా చూడలేదు. లేని జ్ఞాపకానికి బెంగ ఏమిట్రా?" వాడు తడుముకోలేదు. ఆ బట్ట కుట్టి అమ్మినవాళ్ళలో ఎంతమంది ఆ గేటు లోపలివాళ్ళు అని ఎదురడిగాడు. 1902లో యేల్ కుర్రాళ్ళకు కోట్లు కుట్టడం మొదలుపెట్టిన జె. ప్రెస్ కొట్టు లాత్వియా నుంచి వచ్చిన యూదుడిది. అది ఇప్పుడు జపాను కంపెనీ చేతిలో ఉంది. రాల్ఫ్ లారెన్ అసలు ఇంటిపేరు లిఫ్‌షిట్జ్, బ్రాంక్స్ పేటలో పుట్టాడు. ఇక జపాను సంగతి. ఈ తీరు బట్టలు తొడిగి టోక్యోలోని గింజా వీధుల్లో నిలబడ్డ కుర్రాళ్ళను 1964 ఒలింపిక్స్ ముందు పోలీసులు పట్టుకెళ్ళారు. మరుసటి ఏడు తెరుయోషి హయాషిదా అనే ఫొటోగ్రాఫరుతో ఒక జపాను బృందం అమెరికా కాలేజీలకు వెళ్ళింది. తీరా చూస్తే చాలామంది కుర్రాళ్ళు చిరుగు నిక్కర్లు, రబ్బరు చెప్పులతో తిరుగుతున్నారు! వెతికి వెతికి తీసిన ఫొటోలతో 'టేక్ ఐవీ' అనే పుస్తకం వచ్చింది. 2010లో దాన్ని ఇంగ్లీషులో వేస్తే, తాతలు ఏం తొడిగేవారో అమెరికా మనవలు అందులో చూసి నేర్చుకున్నారట.

"ఇక్కడా ఒక యేల్ ఉండేది మామయ్యా," అన్నాడు. 2011లో సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంతో కలిసి పెట్టిన యేల్-ఎన్‌యూఎస్ కాలేజీ. 2021లో మూసేస్తామని ప్రకటించారు, 2025తో అయిపోయింది. వాడి స్నేహితురాలు ఒకమ్మాయి అక్కడ చదివిందట. లేని కాలేజీ పేరున్న చొక్కా తొడిగి తిరుగుతుందని నవ్వాడు.

యేల్ అనగానే నా వంతు వచ్చింది. ఎలిహు యేల్ 1687 నుంచి 1692 వరకు మద్రాసు సెంట్ జార్జి కోటకు గవర్నరు. సొంత వ్యాపారంతో చేతులు నల్లబడి పదవి పోయింది. బానిసల వ్యాపారంలోనూ అతని చేయి ఉంది. 1718లో అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, రాజు మొదటి జార్జి పటం పంపాడు. బేళ్ళు అమ్మితే 560 పౌండ్ల పైచిలుకు వచ్చింది. ఆ సొమ్ముకే కాలేజీకి తన పేరు. బేళ్ళలో బట్టలున్నాయి. అందులో మా వైపు మగ్గం మీద నేసిన గజం ఉందో లేదో నేను ప్రమాణం చేయలేను గానీ, చదువుల తల్లి గుడికి మూలధనం బట్టల మూట అన్న సంగతి నాకు భలే ఇష్టం.

వేటపాలెంలో మా మేనమామ గుంట మగ్గం మీద రుమాళ్ళు నేసేవాడు. వ్యాపారుల భాషలో అవి రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్‌లు. మా ఇంట్లో మాత్రం ఆఫ్రికా సరుకు. చీరాల చుట్టుపక్కల నేసినవి నైజీరియా వెళ్ళేవి. అక్కడ కలబారి జనం పుట్టుకకూ చావుకూ వాటినే వాడతారు. సెలవుల్లో నేను కండెలు చుట్టేవాణ్ణి, తెగిన పోగు నాలికతో తడిపి అతికేవాణ్ణి. ఆ గళ్ళు తొడిగినవాళ్ళను మేమూ చూడలేదు, ఆంటీ అమెరికాను చూడనట్టే.

మళ్ళీ దుకాణానికి వెళ్తుంటే అవెన్యూ ఆరు మీద అల్-ముత్తకీన్ మసీదు దగ్గర ఆగిపోయాను. నమాజు ముగించుకుని ఒక మలయ్ పెద్దాయన వస్తున్నాడు. తెల్ల చొక్కా, కింద గళ్ళ లుంగీ, ముదురు ఎరుపు మీద నీలం, సన్నటి పసుపు గీత. దీన్ని వీళ్ళు కైన్ పెలికాట్ అంటారు. కైన్ అంటే బట్ట. పెలికాట్ అంటే మన పులికాట్. 1613లో డచ్చివాళ్ళు అక్కడ కోట కట్టుకుని ఈ గళ్ళ బట్టలను ఓడల్లో ఇటు పంపేవారు. ఇప్పుడు వచ్చేవి చాలావరకు మిల్లు సరుకే అయినా పేరు మాత్రం సరస్సు ఒడ్డునే ఉండిపోయింది. ఆయన నా చూపు గమనించి తల ఊపి వెళ్ళిపోయాడు. రంగు దిగుతుందా అని అడిగితే ఏమనుకునేవాడో!

ఆంటీ గుండీలు జరిపి ఉంచింది. పాత గుండీల చోట చిన్న చిల్లులు కనపడకుండా లోపలినుంచి పోగు లాగి సర్దింది. మేనల్లుణ్ణి నిలబెట్టి, కాలరు గుండీలు తనే పెట్టి, వేలి వెనక భాగంతో ఒకసారి తట్టింది. పిల్లి వీపు లేచింది. డబ్బు తెల్ల చొక్కాల్లో ఊడిన గుండీకి కూడా కలిపి తీసుకుంది, మొహమాటం లేకుండా.

"వాసన చూడు మామయ్యా," అన్నాడు దారిలో. పాతకాలపు మద్రాసు నూలును నూనెలో నానబెట్టేవారని, ఆ నువ్వుల నూనె వాసన ఇంకా ఉందని వాడి నమ్మకం. మా చీరాల తేలియా రుమాళ్ళకు ఆ పేరు నూనె వల్లే వచ్చింది కాబట్టి నేనూ ఆశపడ్డాను. మెట్రో మెట్ల దగ్గర నిలబడి చొక్కా చెంగు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. కలరా ఉండల వాసన, దానికింద నేను పోసిన నిమ్మ సబ్బు.

"వచ్చిందా?"

"వచ్చింది," అన్నాను.

నేను ఇంటికొచ్చిన వారానికి వాడు ఫొటో పంపాడు. బకెట్టు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడో ఉతుకట. కింద మా అక్క రాసింది: "స్నానాల గది గచ్చు ఎవరు కడుగుతారు?"