కాటా చీటీలు ఎవరి దగ్గరుండాల?

పులివెందుల, జూన్ 9, 2025

అరటి రైతుల సంఘం ఆఫీసులో పగలంతా కాగితాల జాడ తీయడమే సరిపోయింది. కాటా చీటీలు వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. ప్యాక్‌హౌస్ లెక్కలు ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌లో, మందుల పిచికారీ వివరాలు నోటుబుక్కుల్లో. రైతుల పాస్‌బుక్కుల ఫొటోలేమో పోయినేడు పని మానేసిన అకౌంటెంటు సొంత జీమెయిల్లో ఉండిపోయాయి. రెండేళ్లు ఎవరూ తెరవకపోతే గూగుల్ అలాంటి ఖాతానే తీసేయొచ్చు.

"నా పాస్‌బుక్కు ఆ పిల్లోని ఖాతాలో ఎందుకుండాల నాయనా?" అన్నాడు సంఘంలో రైతైన మా చిన్నాయన. క్లౌడ్‌లో ఎంత చోటు కొనాలన్న లెక్క కన్నా ముందు తేల్చాల్సింది అదే. వచ్చే పోయే మనుషులతో సంబంధం లేకుండా ఫైలు సంఘానిదై ఉండాలి. అందుకే గూగుల్‌లో షేర్డ్ డ్రైవ్ ఉన్న ప్లానే తీసుకుందాం. అందులో ఖాతా తీసేసినా ఫైలు కదలదు.

జూన్ 11

2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు అరటికాయ రైలు వెళ్లింది: 43 ఏసీ కంటైనర్లు, 980 టన్నులు. మన పులివెందుల కాయ కూడా అందులో ఉంది. అంత దూరం పోయే పెట్టె ఏ తోటదో, ఏ రోజు కోసిందో, ఏ మందు ఎప్పుడు కొట్టారో కొనేవాడు అడిగితే వెంటనే చూపగలగాలి. కోత మేస్త్రి తోటలోనే ఫోన్లో ఫారం నింపితే, ప్యాక్‌హౌస్ వాళ్లు అదే షీటులో బరువు ఎక్కిస్తారు. సిగ్నల్ లేని తోటల కోసం ఆఫ్‌లైన్లో పనిచేసే యాప్ చూడాలి. ఇది తప్పనిసరి.

పాత ఫొటోలు ఎక్కించడానికి ఓపిక కావాలి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో ఒక టీబీ ఎక్కాలంటే రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా నాలుగున్నర రోజులు దాటుతుంది. రాత్రిపూట పెడదాం.

జూన్ 14

ఎవరికి ఏ తాళం అన్నదాని మీదే సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. మేస్త్రీలకు కంట్రిబ్యూటర్ హోదా ఇస్తాం: రాయొచ్చు, దిద్దొచ్చు, చెరపడం కుదరదు. ఆధార్, బ్యాంకు కాగితాల డ్రైవ్ వేరే, అది ఇద్దరికే కనపడాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి అని కాదు, రైతు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం కాబట్టి. లారీ డ్రైవరుకు తన లోడు వివరాలు చాలు. అడ్మిన్ ఖాతాలు ఛైర్మన్ దగ్గర ఒకటి, సీఈఓ దగ్గర ఒకటి.

డ్రైవ్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనని అందరూ అనుకుంటున్నారు. ఒకచోట చెరిపితే సింక్ అయ్యే అన్నిచోట్లా పోతుంది, ట్రాష్‌లో ఉండేది 30 రోజులే. వేరే కంపెనీ దగ్గర ఇంకో కాపీ ఉండి తీరాలి. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి క్లౌడ్ డేటా కేంద్రాలున్నాయి. "మన కాగితాలు ఏ ఊర్లో ఉంటాయి?" అని చిన్నాయన అడిగితే, రెండో కాపీ హైదరాబాద్‌లో అని చెప్పగలిగాను. ఆయనకు నచ్చింది.

జూన్ 20

పరీక్ష కోసం ఒక ఫోల్డరు చెరిపి, హైదరాబాద్ కాపీ నుంచి వెనక్కి తెప్పించాం. కాటా చీటీలన్నీ వచ్చాయి. వేరే షీటు నుంచి అంకెలు లాగే గళ్లు మాత్రం తప్పు చూపిస్తున్నాయి. సోమవారం బోర్డు మీటింగు లోపు వాటిని సరిచేయాలి.