రాత్రి పూత, కనుబొమల మైనం

కనుబొమల సంగతి గుమాస్తాకేల అని సోదరీమణులు నవ్వుకొనవచ్చును. నాలుగు తరాలుగా బెంగుళూరులో ఉన్నవాళ్లం. మాకు ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవడమే మా జీవనం. ఆ అలవాటు చేతనే ఈ నాలుగు ముక్కలు.

ఈ రోజుల్లో చాలా ఇళ్లలో అద్దం దగ్గర ఒక ట్యూబు కనబడుతున్నది. రెటినాల్ అంటారు, ఏ విటమిను జాతిది. మొటిమలకు డాక్టర్లు వ్రాసే ట్రెటినాయిన్, అడాపలీన్ కూడా ఆ కుటుంబానివే. ట్రెటినాయిన్‌కు అమెరికాలో 1971లోనే అనుమతి వచ్చింది గనుక ఇది నిన్నటి వింత కాదు. ఇవి చర్మకణాలను త్వరత్వరగా పుట్టించి పైకి తెస్తాయి. పైనున్న పొర పలుచబడుతుంది. ముఖం నునుపుదేరడం ఆ గుణం వల్లనే. చిక్కూ అక్కడే ఉన్నది. మైనం వెంట్రుకనే కాదు, చర్మాన్ని కూడా అంటుకొంటుంది. లాగినప్పుడు ఆ పలుచని పొర వెంట్రుకతోబాటే ఊడివస్తుంది.

క్రిందటేడు మా అక్కయ్య కూతురు నిశ్చితార్థం నాలుగు రోజులుందనగా పేటలోని ఒక పార్లరుకు వెళ్లింది. అప్పటికి రెండు నెలలుగా అడాపలీన్ పూస్తున్నది. ఎప్పుడూ దారంతో తీసే ఆమె ఆనాడు రాలేదట, మైనం పెట్టారు. ఏమి పూసుకుంటున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఎడమ కనుబొమ క్రింద గోరంత మేర తోలు లేచిపోయింది. మా అమ్మ పసుపు డబ్బాతో సిద్ధం. అక్కయ్య నిమ్మరసం అన్నది. పిల్ల మాత్రం "మామయ్యా, వాళ్లు దీన్ని ఏదో చర్మవ్యాధి అనుకుంటే?" అని ఒకటే ఏడుపు.

పసుపూ వద్దు, నిమ్మరసమూ వద్దన్నాడు డాక్టరు. చల్లని నీళ్లతో కడిగి సాదా వేసలిన్ రాయమన్నాడు. మానేవరకు ట్యూబు ముట్టవద్దనీ, ఎండ తగలనీయవద్దనీ చెప్పాడు. గాయం వారంలో మానింది గాని నల్లమచ్చ పోవడానికి నాలుగు నెలలు పట్టింది. మన చామనఛాయ చర్మానికి గాయమైనచోట నలుపు తిరగడం ఎక్కువ. పెళ్లివారితో అక్కయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. "మా పెద్దదానికీ ఇట్లాగే అయింది వదినగారూ" అన్నదట ఆ వియ్యపురాలు!

తరువాత ట్యూబు పెట్టెలోని కాగితం విప్పి చూశాము. మైనం వద్దని ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో ఉన్నది.

రెటినాల్ పూసేవారు మైనానికి వారం ముందే ఆపడం మంచిది. డాక్టరు వ్రాసిన పూతలు గట్టివి. ఎన్నాళ్లు ఆపాలో ఆయననే అడగాలి. తీయించిన తరువాత కూడా ఎర్రదనం పోయేదాకా మళ్లీ పూయరాదు. నుదుటికే పూశాము, కనుబొమలకు కాదుగదా అనడానికి లేదు; పూత జరిగి అక్కడికి చేరుతుంది. దారం చర్మాన్ని అంటుకోదు గనుక మైనం కంటె మేలు, ప్లక్కరు ఇంకా నెమ్మది. అయినా పలుచబడిన చర్మానికి దారంతోనూ మంట పుట్టవచ్చును.

మొటిమలకు మ్రింగే ఐసోట్రెటినాయిన్ సంగతి వేరు. అది వాడినంతకాలమూ, మానిన తరువాత కనీసం ఆరు నెలలూ మైనం కూడదని మందు సూచనల్లోనే ఉన్నది. గర్భిణులు ఆ మందు అసలే ముట్టరాదు.

మన సంఘంలో పార్లర్లు నడిపే అమ్మాయిలు కొందరున్నారు. మైనం వేడిచేసే ముందు, రాత్రిళ్లు ఏమి పూస్తున్నారు, మొటిమలకు మందేమైనా మ్రింగుతున్నారా అని కన్నడంలోనో తెలుగులోనో అడగవలెనని వారికి మా విన్నపం.