రాతిలో నీటి బాట

నాపరాతి నేలపై పుట్టి పెరిగినవారము మేము. నాన్నగారు అప్పు చేసి వేయించిన బోరులో రాతిపిండి తప్ప చుక్క నీరు రాలేదు. నూరు గజముల దూరమున పొరుగువారి బోరులో నీరు ఉబికినది. "మన నసీబ్ ఇంతే" అని నాన్నగారు మిన్నకున్నారు. అప్పు తీరుటకు ఆరేండ్లు పట్టినది. ఆ మాట మాత్రము మా మనసును వీడలేదు.

తరువాతి కాలమున విద్యార్థులతో కలిసి నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను చూడబోయినాము. 3,229 మీటర్ల పొడవున సాగిన ఆ గుహలు నీరు తొలిచిన బాటలే. దట్టమైన సున్నపురాయి తనంతట తాను నీటిని సులభముగా పోనీయదు. పగుళ్ళే నీటికి దారి. పగులు వెడల్పు రెండింతలైనచో ప్రవాహము ఎనిమిదింతలగును. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు ఆ దారిని కరిగించి మరింత పెంచును.

అయితే ఏ పగులు తెరచుకొనవలెనో, ఏది మూసుకొనవలెనో నిర్ణయించునది ఏది? భూమిలోని ఒత్తిడి. భారత ఫలకము ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరదిశగా జరుగుచు ఆసియాను నెట్టుచున్నది. ఆ ఒత్తిడి మన కాలి క్రింది శిలలలోను కలదు. ఒత్తిడి దిశనే సాగిన పగుళ్ళు తెరచుకొని యుండుటకు వీలెక్కువ. అడ్డముగా నున్నవి నొక్కుకొనిపోవును. ఒరసుకొని జరిగిన పగుళ్ళు, గరుకు అంచులు మరల అమరక, నీటికి సందు విడుచును.

గుహలోనుండి వెలుపలికి వచ్చునప్పుడు నాన్నగారు జ్ఞప్తికి వచ్చినారు. ఈ సంగతి చెప్పుటకు వారు లేరు. దోషము వారి నసీబ్‌ది కాదు. రాతిని చదువగలవారు మాకు నాడు దొరకలేదు.

విద్యార్థులారా! మీ ఊర బోరు వేయబోవువారికి, ముందుగా పగుళ్ళు ఏ దిశగా సాగినవో తెలిసినవారిచే చూపించుకొమ్మని చెప్పుడు. అప్పు పత్రముపై వ్రేలిముద్ర పడకముందే ఆ మాట చేరవలెను.