కొర్రమట్ట చెప్పిన సాక్ష్యం

నేను మన హాస్టల్‌లో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పటి సంగతి ఇది. దసరా సెలవులకు ఊరికి పోయాను. రెండు రోజులు మబ్బు పట్టి, గాలి లేక ఒకటే ఉక్కపోత. మూడో రోజు తెల్లారేసరికి ఊరి చెరువులో బొచ్చెలు, రవ్వలు వెల్లకిలా తేలాయి. కొన్ని నీళ్లపైకి వచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి.

"ఎవరో మందు కలిపారు" అన్నారు. ముందురోజు మా చిన్నాన్న పత్తికి మందు కొట్టిన పంపు గట్టు మీద కడిగాడు. పెద్దమనుషులు పిలిచి తప్పు కట్టించారు. మా వాడలో ఒక్కరూ నోరెత్తలేదు. ఆ రోజే నేను, మా తమ్ముడు అదే చెరువు బురదలో బతికున్న కొర్రమట్టల్ని పట్టాం. అయినా దానర్థం నాకు తెలియలేదు.

ఎమ్మెస్సీలో మా సార్ మమ్మల్ని యానాం తీసుకుపోయారు. మన భద్రాచలం రేవు దాటిన గోదావరి ధవళేశ్వరం కింద చీలి, గౌతమి పాయగా ఆ పక్కనే సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున, మంచినీరు పైన ఉంటాయి. రెండూ కలవకపోతే అడుగు నీటికి గాలి అందదు. సీసాలో బుడగ లేకుండా నీళ్లు పట్టి మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ పోశాం. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి, లేకపోతే తెల్లది. 1888లో వింక్లర్ చెప్పిన పద్ధతి ఇది. చేపలు పెరిగే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని మన దేశ ప్రమాణం.

"చెరువులోనూ అంతే. పాచి పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. మబ్బు రోజుల్లో తెల్లవారుజాముకు నీటిలో ఏమీ మిగలదు" అన్నారు సార్. నాకు కొర్రమట్ట గుర్తొచ్చింది. అది పైకొచ్చి గాలి పీల్చుకుని బతికే చేప. మందే కలిసి ఉంటే అదీ చచ్చేది కదా!

ఇంటికి పోయి చెప్పాను. చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడు మనలో చదివినోడు ఒక్కడు లేకపాయె" అన్నాడు చివరికి. చెరువు గట్టున పంపు కడగడం తప్పే, అది వేరే మాట. చెయ్యని తప్పుకు ఆయన పదేళ్లు తలొంచుకున్నాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! స్టడీ అవర్‌లో కెమిస్ట్రీ పుస్తకం ముందు నిద్రొస్తే మా చిన్నాన్నను ఒక్కసారి తలుచుకోండి.