మకుయేని ముంగిళ్ళలో ఎండ

కెన్యా రాజధాని నైరోబీ నుండి మొంబాసా రేవుకు పోయే రాజమార్గంలో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించిన పిమ్మట ఎమాలి అనే చిన్న పట్టణం వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాలలో దక్షిణ దిక్కున కిలిమంజారో మంచు శిఖరం దర్శనమిస్తుంది. దాపునే సాగే పాత రైలుమార్గం 1896, 1901 సంవత్సరాల మధ్య వేలాది భారతీయ కూలీల స్వేదంతో నిర్మితమైనది. ఇక్కడ ఎడమకు మళ్ళిన దారి వోటే పట్టణానికి, అనగా మకుయేని సీమ నడిబొడ్డుకు చేరుస్తుంది.

ఇది కంబా ప్రజల నివాసభూమి. ఎర్రని నేల, ముళ్ళ తుమ్మలు, మెట్లు మెట్లుగా గట్లు పోసిన కొండవాలులు, ఇళ్ళ చుట్టూ మామిడి తోపులు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నందున ఎండకు కొదవ లేదు. కొదవ ఉన్నది వానకే. ఏటా రెండు వానకారులు వచ్చినా, రెండింటినీ నమ్ముకొనుటకు లేదు.

ఇక్కడి ముఖ్యాహారం మొక్కజొన్న. స్వాహిలీ భాషలో దాని పేరు 'మహిందీ'. పంట అమెరికా ఖండం నుండి వచ్చినదే అయినా, పేరులో మాత్రం హిందూదేశం దాగి ఉన్నది. పిండిని ఉడికించి ముద్దగా చేస్తే ఉగాలి. పొట్టు తీసిన గింజలను చిక్కుడు గింజలతో కలిపి వండితే ముథోకోయ్. మహిందీ లేని భోజనాన్ని ఇక్కడివారు భోజనంగా లెక్కించరు.

ఆ అన్నమే 2004లో విషమైనది. మకుయేని, కిటుయి మొదలైన తూర్పు కెన్యా జిల్లాలలో 317 మంది కాలేయ వ్యాధి పాలైనారు. వారిలో 125 మంది మరణించారు. కోతల వేళ అకాల వర్షం కురిసింది. కరవు రోజులు కావడంతో, ఉన్న కాస్త ధాన్యం ఎవరెత్తుకుపోతారోనన్న భయంతో, తడి ఆరని మొక్కజొన్నను ఆరుబయటి గాదెలలో కాక ఇళ్ళలోపల మట్టినేల మీదనే నిలువ చేశారు. ఆ తేమలో బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టించింది. అది వంటపొయ్యి వేడికి నశించేది కాదు.

ఈ వ్యథ మనకు కొత్తది కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెలలో నూరుమందికి పైగా ఇదే విధంగా మరణించారు. బూజు పట్టిన మొక్కజొన్నయే కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

ఇంత ఎండ కాచే చోట గింజ ఎందుకు ఆరలేదని ప్రయాణికునికి తోచక మానదు. ఎండ ఉండడం వేరు, ఎండచేత పని చేయించుకోవడం వేరు. ముంగిట నేలమీద పరచిన గింజకు అడుగునుండి చెమ్మ ఎక్కుతుంది. కోళ్ళు, మేకలు ముట్టుకుంటాయి. సాయంత్రం ఒక్క జల్లు కురిసిందంటే మూడు రోజుల శ్రమ వృథా.

సౌర ఆరబెట్టు పెట్టె చేసే ఉపకారం ఇక్కడనే ఉన్నది. దాని నిర్మాణం అతి సులభం. నల్లరంగు పూసిన అడుగుపలకపై గాజునో, పారదర్శకమైన ప్లాస్టిక్ పొరనో కప్పుతారు. క్రింది రంధ్రాల గుండా వచ్చిన గాలి లోపల వేడెక్కుతుంది. వేడెక్కిన గాలికి తేమను పీల్చుకొనే శక్తి హెచ్చు. అది జల్లెడ పళ్ళెములలోని గింజల మధ్యగా పైకి పోతూ చెమ్మను వెంట తీసుకుపోతుంది. గింజలో తేమ సుమారు 13 శాతానికి దిగితే బూజు పెరగదు. కట్టె కాల్చనక్కరలేదు, డీజిలు పోయనక్కరలేదు.

మకుయేని మామిడికీ ఇదే మార్గం. పండ్లన్నీ ఒక్కసారిగా పక్వానికి రావడంతో ధర పడిపోయి, అమ్ముడుపోని పండు చెట్టు క్రిందనే కుళ్ళుతుంది. పలుచని ముక్కలుగా తరిగి ఆరబెడితే అవే తీయని ఒరుగులై నెలల తరబడి నిలుస్తాయి. పంట పాడైతే దానికై తాగిన నీరు, దున్నిన నేల, పడిన శ్రమ అన్నీ వ్యర్థమే. కుళ్ళు నుండి వెలువడే వాయువు భూమిని మరింత వేడెక్కిస్తుంది. 2020 నుండి 2022 వరకు తూర్పు ఆఫ్రికాలో వరుసగా ఐదు వానకారులు విఫలమైనాయి. ఆ వెంటనే 2023 చివర వరదలు ముంచెత్తాయి. ఋతువులు ఇట్లు తప్పుతున్నప్పుడు, పండిన దానిని దక్కించుకోవడం కొత్తగా పండించుకోవడంతో సమానం.

అయితే ఈ పెట్టె సర్వరోగ నివారిణి కాదు. మబ్బు పట్టిన వారమంతా అది నిస్సహాయమే. గింజలో ఒకసారి పుట్టిన విషాన్ని అది తొలగించలేదు; పుట్టకుండా ఆపగలదు, అదీ కోసిన తొలి దినాలలోనే. పేద రైతు ఒంటరిగా దానిని కొనలేడు. ఇరుగుపొరుగు కలసి ఉంచుకోవలసినది.

గింజ ఆరినదీ లేనిదీ తెలుసుకొనుటకు ఖరీదైన యంత్రమే ఉండనక్కరలేదు. పొడి సీసాలో గుప్పెడు గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి కుదిపి చూడవచ్చు. ఉప్పు సీసా గోడకు అంటుకొంటే మరి రెండు రోజులు ఎండ కావాలి. అంటుకోకుండా రాలితే గాదెకు ఎత్తవచ్చు. నూట ఇరవై అయిదుగురిని పోగొట్టుకున్న సీమలో ఆ ఉప్పు రాలే క్షణానికి ఎంత విలువ ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.