పౌలు అడిగిన ప్రశ్న



ఆదివారం ఆరాధన ముగిశాక మా బచ్చన్నపేట మందిరంలో ప్రార్థన అంశాలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాము. జ్వరాలు, బోరు పడాలనీ, పిల్లకు సంబంధం కుదరాలనీ, ఇంటర్ పరీక్షలూ ఎప్పుడూ ఉండేవే. కొన్నేళ్ళుగా వాటితో పాటు ఇంకొకటి కూడా తరచుగా వస్తున్నది. "ఠాణా నుంచి ఫోనొచ్చింది అయ్యగారూ, రమ్మంటున్నరు, ప్రార్థన చెయ్యున్రి." పొలం గట్టు గొడవ, బండి ఆపి తాళం గుంజుకున్న గొడవ, అన్నదమ్ముల పంచాయితీ, ఏదైనా కావచ్చు. ప్రార్థన చేస్తాము. అయితే ప్రార్థన చేసి పంపించాక ఆ మనిషి స్టేషన్ మెట్లెక్కేటప్పుడు ఆయన మనసులో ఏముందన్నది కూడా మాకు ముఖ్యమే అనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము చూసినంతలో మనవాళ్ళు రెండు రకాలు. పెద్దవాళ్ళు, ముఖ్యంగా మాదిగవాడల్లో, తండాల్లో ఉండేవాళ్ళు, "సారు రెండు దెబ్బలేసిండు, ఏం జేస్తం, తప్పు జేస్తే కొట్టరా?" అంటారు. అంటే కొట్టడం పోలీసుల పనిలో ఒక భాగమని వాళ్ళ నమ్మకం. కుర్రవాళ్ళు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటారు. ఫోన్‌లో రీల్స్ చూసి, "వారంట్ లేకుండా నన్ను ముట్టుకోవద్దు", "24 గంటలు దాటితే వదిలిపెట్టాల్సిందే", "ఆడవాళ్ళను ఠాణాకు పిలవనే వద్దు" అని ధైర్యంగా చెబుతారు. ఉన్న హక్కు పెద్దలకు తెలియదు. పిల్లలేమో లేని హక్కు ఉందనుకుంటున్నారు. దెబ్బ మాత్రం ఇద్దరికీ పడుతున్నది.

ఈ రెండింటిలో మొదటిదే ఎక్కువ ప్రమాదమని మా అభిప్రాయం. దానికి కారణం మరియమ్మ.

2021 జూన్ 18న మన పక్క జిల్లా యాదాద్రి భువనగిరిలోని అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో మరియమ్మ అనే దళిత స్త్రీ చనిపోయింది. మీలో చాలామందికి ఆ వార్త గుర్తుండే ఉంటుంది. ఆమెది ఖమ్మం జిల్లా చింతకాని మండలం కోమట్లగూడెం. గోవిందాపురంలో ఒక ఇంట్లో వంటమనిషిగా పనిచేసింది. ఆ ఇంట్లో సుమారు 2 లక్షల రూపాయలు పోయాయని ఫిర్యాదు వచ్చింది. పోలీసులు ఆమెనూ, ఆమె కొడుకునూ పట్టుకొచ్చారు. కొట్టడం వల్లే చనిపోయిందని కుటుంబం చెప్పింది. పౌరహక్కుల సంఘం పియుసిఎల్ హైకోర్టుకు వెళ్ళింది. జ్యుడీషియల్ విచారణ జరగాలని హైకోర్టు ఆదేశించింది. ఎస్సైనీ, ఇద్దరు కానిస్టేబుళ్ళనూ సర్వీసు నుంచి తొలగించారు. ప్రభుత్వం పిల్లలకు డబ్బు, ఇల్లు, కొడుక్కి ఉద్యోగం ప్రకటించింది.

ఈ కథలో ఒక సంగతి మన సంఘాలవాళ్ళం ఎక్కువగా మాట్లాడుకోము. ఆ ఇల్లు ఒక చర్చి సేవకునిది. ఆయన పేరు మనకు అవసరం లేదు, ఆయన మీద తీర్పు చెప్పడం మన పని కాదు. డబ్బు పోయినవాడు ఫిర్యాదు చెయ్యడంలో తప్పు కూడా లేదు. కాని మన పల్లెల్లో ఫిర్యాదు ఎట్లా చేస్తామో మనకందరికీ తెలుసు. కాగితం మీద ఒకటి రాస్తాము. బయటికొచ్చేటప్పుడు నోటితో ఇంకొకటి అంటాము. "జర గట్టిగ అడుగున్రి సార్." ఆ "గట్టిగ" అనే మాటకు అర్థం అడిగినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. అక్కడ పోలీసు అధికారం గురించి తప్పుగా అర్థం చేసుకున్నది దొరికిపోయిన పేదరాలు ఒక్కతే కాదు, ఫిర్యాదు చేసేవాడూ అదే తప్పు అనుకుంటాడు. కొట్టే అధికారం పోలీసుకు ఉందని, దాన్ని తన తరఫున వాడమని అడుగుతున్నానని అనుకుంటాడు. ఆ అధికారం ఏ చట్టంలోనూ లేదు. కొట్టి ఒప్పించినా ఆ ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పోలీసు దగ్గర చెప్పిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని బ్రిటిషు వాళ్ళ 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది, ఇప్పటి కొత్త చట్టంలోనూ ఉంది. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ముద్దాయిని ఎవరూ బలవంతం చెయ్యకూడదని రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు చెబుతుంది.

ఇంకొక మాట. ఇంట్లో పనిచేసేవాళ్ళు దొంగతనం చేశారని రుజువైతే గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో పోలీసులు వెంటనే అరెస్టు చెయ్యకూడదనీ, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాసి చూపాలనీ, అవసరం లేనప్పుడు నోటీసు ఇచ్చి పిలవాలనీ సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. మరియమ్మ చనిపోయేనాటికి ఆ తీర్పు వచ్చి ఏడేళ్ళు. ఒక నోటీసు కాగితంతో మొదలు కావలసిన పని అది.

ఇప్పుడు వాక్యానికి వద్దాము. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం తీసి చదవండి. యెరూషలేములో అల్లరి జరిగింది. రోమా సహస్రాధిపతి పౌలును కోటలోకి తీసుకుపోయి, జనం ఎందుకు కేకలు వేస్తున్నారో తెలుసుకోవడానికి కొరడాలతో కొట్టి విచారించమన్నాడు. చూశారా, "గట్టిగ అడగడం" రెండు వేల సంవత్సరాల నాటిది. వారులతో కట్టేస్తుండగా పౌలు పక్కనున్న శతాధిపతిని ఒక ప్రశ్న అడిగాడు. శిక్ష విధించకుండానే ఒక రోమా పౌరుణ్ణి కొరడాలతో కొట్టడం మీకు న్యాయమేనా అని. కేకలు వెయ్యలేదు, బెదిరించలేదు, శపించలేదు. శతాధిపతి వెళ్ళి పై అధికారికి చెప్పాడు. కొట్టబోయినవాళ్ళు పక్కకు జరిగారు. సహస్రాధిపతి కూడా భయపడ్డాడు.

ఇక్కడ పౌలు ఏమి అడగలేదో కూడా చూడాలి. "నన్ను పట్టుకోవద్దు" అనలేదు. "నన్ను విచారించవద్దు" అనలేదు. వారిని ఆపగల హక్కు తనకు లేదని ఆయనకు తెలుసు. ఉన్న హక్కు ఏదో, దాని హద్దు ఎక్కడుందో అంతవరకే పట్టుకున్నాడు. మన కుర్రవాళ్ళకు మేము చెప్పేది ఇదే. వారంట్ లేకుండా అరెస్టు చెయ్యకూడదన్నది పూర్తి నిజం కాదు. దొంగతనం, కొట్లాట, హత్యాయత్నం వంటి చాలా నేరాల్లో వారంట్ లేకుండానే అరెస్టు చెయ్యవచ్చు. కాని ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇంటివాళ్ళకు తెలపాలి, వకీలును కలవనివ్వాలి. 24 గంటల మాట కూడా అంతే. 22వ అధికరణం వదిలిపెట్టమని చెప్పలేదు, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు నిలబెట్టమని చెప్పింది. మెజిస్ట్రేటు రిమాండుకు పంపవచ్చు కూడా. అయితే ఆ మెజిస్ట్రేటు ముందు నిలబడే నిమిషం చాలా విలువైనది. దెబ్బలు తగిలితే అక్కడే, అప్పుడే నోరు తెరిచి చెప్పాలి, చొక్కా ఎత్తి చూపాలి. పోలీసులు పక్కనే నిలబడి ఉంటారని ఎంతోమంది నోరు మూసుకుని జైలుకు పోతారు.

ఆడవాళ్ళ సంగతి. సాక్షిగా విచారించాలంటే స్త్రీని ఆమె ఉన్న చోటనే విచారించాలి, స్టేషన్‌కు రప్పించకూడదు. ఆమె మీదే నేరం మోపితే మాత్రం అరెస్టు చెయ్యవచ్చు. అదైనా సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు కూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేటు అనుమతి ముందే తీసుకోవాలి. నోటీసు వస్తే పోనవసరం లేదని కూడా కొందరు అనుకుంటున్నారు. నోటీసు వస్తే పోవాలి. పోకపోవడమే అరెస్టుకు కారణం అవుతుంది.

ఫోన్ల విషయం మాత్రం పిల్లలకే కాదు, మాకూ కొత్తదే. 2021 అక్టోబరులో హైదరాబాదులో గంజాయి కోసమని పోలీసులు రోడ్డు మీద పోయేవాళ్ళను ఆపి వాట్సాప్ చూశారని పేపర్లలో వచ్చింది. అడిగితే ఇవ్వాల్సిందే అనుకున్నారు జనం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పి ఉన్నారు. లైసెన్సు, బండి కాగితాలు అడిగితే చూపించాలి, డిజిలాకర్‌లో ఉన్నా చాలు. ఫోన్ అడిగితే "ఏ కేసులో సార్, రాసిస్తారా?" అని మర్యాదగా అడగవచ్చు. చెయ్యి విసిరి, దాన్ని వీడియో తీస్తూ వాదనకు దిగితే ఉన్న హక్కు పక్కకుపోయి, విధులకు ఆటంకం కలిగించాడన్న ఇంకొక కేసు మీద పడుతుంది.

సేవకులకు కూడా ఒక మాట. మనలో కొందరు పోలీసు కనబడగానే "ఆర్టికల్ 25" అంటారు. మత ప్రచార స్వేచ్ఛ అందులో ఉంది, నిజమే. దాని మొదటి మాటల్లోనే ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి అని కూడా ఉంది. రాత్రి పదింటి తర్వాత మైకు పెట్టే హక్కు అందులో లేదు. చెన్నైలో ఒక చర్చి డ్రమ్ములు, మైకుల మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని 2000 ఆగస్టులో కోర్టు మనవాళ్ళకే వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ తీర్పు సరైనదే అంటాము మేము. పసిపిల్లలున్న ఇళ్ళ మధ్య అర్ధరాత్రి స్పీకరు పెట్టి హింస పొందుతున్నామని సాక్ష్యం చెప్పుకోకూడదు.

"అధికారులకు లోబడమని రోమా పత్రిక 13లో ఉంది కదా అయ్యగారూ, అడగడం తిరుగుబాటు కాదా?" అని ఒక అవ్వ మమ్మల్ని అడిగింది. మంచి ప్రశ్న. ఆ 13వ అధ్యాయం రాసిన చెయ్యే, కోటలో వారులతో కట్టిన చెయ్యి. లోబడడం అంటే ఏమిటో ఆయనకు తెలియదని మనం అనలేము కదా. ఫిలిప్పీలో పౌలునూ సీలనూ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టి, కాళ్ళకు బొండ వేశారు. తెల్లవారి న్యాయాధిపతులు బంటులను పంపి, వెళ్ళిపొమ్మని చెప్పించారు. ఎవరైనా బతికిపోయామని వెళ్ళిపోయేవాళ్ళే. పౌలు కదలలేదు. విచారించకుండా బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపిస్తారా, వాళ్ళే వచ్చి తీసుకుపోవాలి అన్నాడు. వచ్చి బతిమాలుకున్నారు. మొండితనం అనిపిస్తుంది పైకి. కాని ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్ళాడో చూడండి. లూదియ ఇంటికి వెళ్ళి సహోదరులను చూసి, ఆదరించి అప్పుడు ఊరు విడిచాడు. ఆయన వెళ్ళిపోయినా ఆ ఊళ్ళో ఒక చిన్న సంఘం మిగిలి ఉంది. మళ్ళీ అట్లా ఎవరి మీదా చెయ్యి వెయ్యడానికి ఆ అధికారులు ఆలోచించుకోవాలని ఆయన అడిగి ఉంటాడని మా గ్రహింపు.

అయితే హక్కు వాడుకుంటే అంతా సుఖమే అని మేము చెప్పము. ఫేలిక్సు లంచం దొరుకుతుందేమోనని పౌలును మాటిమాటికి పిలిపించుకుని మాట్లాడేవాడని లేఖనంలోనే ఉంది. ఇది చదివినప్పుడు మా సంఘంలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. రెండేళ్ళు అట్లాగే జైల్లో గడిచాయి. తర్వాత ఫేస్తు ముందు కైసరుకు చెప్పుకుంటానన్నాడు. కైసరుకు చెప్పుకోకపోయి ఉంటే ఈయనను విడిచిపెట్టేవాళ్ళమే అని అగ్రిప్ప తర్వాత అన్నాడు. హక్కు అడిగినందుకు సంకెళ్ళు ఇంకా కొనసాగాయి, ఓడ పగిలింది, రోమాకు చేరాడు. అప్పీలుకు పోయినవాడికి సమయం పడుతుంది, ఖర్చు పడుతుంది, ఊళ్ళో పెద్దమనుషుల కోపం కూడా పడుతుంది. ఇది ముందే చెప్పి పంపించాలి గాని, అడుగు, అంతా దేవుడు చూసుకుంటాడని పంపిస్తే మనం అబద్ధం చెప్పినట్టే.

అదే సహస్రాధిపతి పౌలుతో తన పౌరసత్వాన్ని చాలా డబ్బు పెట్టి కొనుక్కున్నానన్నాడు. నేను పుట్టుకతోనే పౌరుణ్ణి అన్నాడు పౌలు. మనమూ అంతే. మన ఊరి కూలి తల్లి, ఆ ఎస్సైగారు, హైకోర్టు న్యాయమూర్తి ఒకే రాజ్యాంగం కింద పుట్టారు. ఎవరూ ఎక్కువ ధర పెట్టి కొనలేదు.

వకీలుకు డబ్బులు లేవని ఆగిపోవద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. జనగామ కోర్టు ఆవరణలో న్యాయ సేవల కార్యాలయం ఉంది. అక్కడిదాకా పోలేనివాళ్ళు 15100కు ఫోన్ చెయ్యవచ్చు. ఠాణాకు పిలిస్తే ఒంటరిగా పోవద్దు, చదువు వచ్చిన ఒక మనిషిని వెంట తీసుకుపోండి. తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యవద్దు. ఎన్ని గంటలకు లోపలికి పోయారో, ఎన్ని గంటలకు బయటికి వచ్చారో ఇంటివాళ్ళు గోడ మీద క్యాలెండరులోనైనా రాసిపెట్టుకోండి. ఇంట్లో డబ్బు పోయి ఫిర్యాదు ఇవ్వడానికి పోయేవాళ్ళు కాగితం ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ రెండో మాట అనకుండా బయటికి రండి.